నాలుగో నిమిషంలో నా నవ్వు

ముందుగా నాకు నిశ్చయంగా తెలిసినవి చెబుతాను. లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టర్‌గా పనిచేసి పదవీ విరమణ పొందిన ఒక పెద్దాయన, తన పని జీవితం గురించి ఎనిమిదేళ్ళ పాటు ఒక పుస్తకం రాశారు. అందులోని చివరి అధ్యాయాన్ని నేను గట్టిగా చదివి, ఫోన్‌లో రికార్డు చేసి పంపాను. అది విన్న సాయంత్రమే ఆయన పుస్తకం ఆపేస్తున్నానని ప్రకటించారు. ఆ రికార్డింగ్ ఇప్పటికీ నా దగ్గర ఉంది. నిడివి పదకొండు నిమిషాలు.

ఇక విన్నవి. ఆయన రాతప్రతిని చింపేశారని ఒకరు అన్నారు. చింపలేదు, తరువాత నా కళ్ళతో చూశాను. ఆయన మూడు రోజులు అన్నం ముట్టలేదని ఇంకొకరు అన్నారు. ఆయన భార్యను అడిగితే, "ఎవలు చెప్పిన్రమ్మా? తెల్లారి పొద్దుగాల మూడు జొన్నరొట్టెలు తిన్నడు" అన్నది. ఆయనకు పని నేర్పిన ఉస్తాద్‌కు చెవులు వినిపించేవి కావన్నది కూడా నాకు విన్న మాటే. ఈ చివరి మాటను ఏ వైపు పెట్టాలో నేను తొందరపడి నిర్ణయించుకోవడం వల్లనే మిగతాదంతా జరిగింది.

నేను నీళ్ళ నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో పనిచేస్తాను. తాగడానికి పనికొస్తాయని సంతకం పెట్టే ముందు ఒకే నమూనాను రెండుసార్లు పరీక్షించడం మా పద్ధతి. ఆ అలవాటు సాయంత్రం బయటికి వచ్చేటప్పుడు తెల్లకోటుతో పాటు కొక్కేనికి తగిలించి వచ్చేది కాదు. పద్మారావు నగర్‌లో మా వీధి చివర కూరలమ్మే ఆమె "పొద్దుగాల కోసినయే" అంటే బెండకాయ కొస విరిచి చూస్తాను. ఆమె నా కోసం ఒక బెండకాయ ముందే విరిచి పైన పెట్టడం నేర్చుకుంది.

ఇలాంటి మనిషిని ఒక రచయితల బృందం ఎందుకు భరించిందో నాకు చాలాకాలం అర్థం కాలేదు. మా బృందం ఫోన్‌లోనే నడుస్తుంది. పద్నాలుగు మందిమి. చాలామందిమి ఒకరినొకరు ఎన్నడూ చూసుకోలేదు. నడిపించేది తిరుమలగిరిలో పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన టీచరమ్మ. ఆవిడ పుట్టిల్లు గోదావరి వైపు. ఆదివారం చర్చి నుంచి ఇంటికి రాగానే ఆవిడ ఫోన్ తెరిచేవారు, మా వారం అప్పుడు మొదలయ్యేది.

మాకు రెండు ఆచారాలున్నాయి. మొదటిది, ఎవరి కథనైనా పత్రిక తిప్పి పంపితే వారు ఆ సంగతి దాచకుండా బృందంలో రాయాలి. మిగతావాళ్ళు ఓదార్పు మాటలు చెప్పకూడదు. ఆ కథలో తమకు గుర్తున్న ఒక వాక్యాన్ని, కథ మళ్ళీ తెరవకుండా, జ్ఞాపకం నుంచి రాయాలి. ఆ వాక్యాలను నేను మూలంతో సరిచూసేదాన్ని. సగానికి పైగా తప్పుగా గుర్తుండేవి. నా మొదటి కథ తిరిగొచ్చినప్పుడు, "నీటికి రంగు లేదు గనుక అనుమానానికి కూడా తావు లేదని అందరూ అనుకుంటారు" అన్న నా వాక్యాన్ని ఫిట్టర్ గారు, "రంగు లేని నీళ్ళను ఎవరూ అనుమానించరు" అని గుర్తుపెట్టుకున్నారు. అది తప్పు. నా వాక్యం కన్నా మంచిది కూడా. దాన్నే ఉంచి కథ మరో పత్రికకు పంపాను, వేశారు. అందుచేత ఆయనకు నేను ఒక వాక్యం బాకీ.

రెండో ఆచారం పేరు గొంతు ఇవ్వడం. ఎవరూ తమ రచనను తామే చదవకూడదు. చీటీలో ఎవరి వంతు వస్తే వారు దాన్ని గట్టిగా చదివి రికార్డు చేసి పంపాలి. ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట వదలకూడదు, అభిప్రాయం చెప్పకూడదు. రాసిన మనిషి ఆ గొంతులో తన రచన వింటూ, చదువరి ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ ఊపిరి చాలలేదో గుర్తుపెట్టుకుంటారు. "తడబాటు అబద్ధం చెప్పదమ్మా, పొగడ్త చెబుతుంది" అనేవారు టీచరమ్మ. గొంతు అనే పరికరం మీద ఇంత నమ్మకమున్న పద్ధతిని నేను ప్రయోగశాల బయట మరెక్కడా చూడలేదు.

బృందంలో నా పేరు 'ఆధారం మేడమ్'. ఒకాయన తన కథలో శుద్ధ చవితి నాటి చంద్రుణ్ణి అర్ధరాత్రి నడినెత్తిన నిలబెడితే, ఆ వేళకు అతను ఎప్పుడో అస్తమించి ఉంటాడని రాశాను. అందరూ మెచ్చుకున్నారు. అలాంటివి ఇంకొన్ని పట్టుకున్నాను. సరిచూసి తప్పు పట్టుకున్న సందర్భాలు ఎక్కువైన కొద్దీ, సరిచూడకుండానే తప్పు పట్టవచ్చుననే ధైర్యం వస్తుంది. ఇది నా మీద నేను చేసిన పరిశీలన.

ఫిట్టర్ గారి పుస్తకం అప్పటికే ఎన్నో చోట్ల నుంచి తిరిగొచ్చింది. వచ్చిన ప్రతిసారీ మేము వాక్యాలు రాశాం. చివరికి ఒక చిన్న ప్రచురణకర్త ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. ఉస్తాద్ గురించి రాస్తానంటున్న చివరి అధ్యాయంతో సహా మొత్తం ప్రతి నెలాఖరుకు అందాలి. అందకపోతే ఆయన మరో పుస్తకానికి వెళ్ళిపోతారు. ఫిట్టర్ గారు అధ్యాయం ముగించి బృందంలో పెట్టారు. చీటీ నాకు పడింది. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి.

అధ్యాయం ఇది. రైలు పెట్టె చక్రాన్ని సుత్తితో కొట్టి చూస్తారు. గంటలా మోగితే మంచిది. మొద్దుగా పలికితే లోపల పగులున్నట్టు. ఆ పనిలో ఆరితేరిన ఉస్తాద్‌కు ఒక జ్వరం తరువాత వినికిడి పోయింది. ఆయన పని మానలేదు. ఒక కర్ర కొసను చక్రానికి ఆనించి, రెండో కొసను పళ్ళ మధ్య పట్టుకుని, సుత్తితో కొట్టి, మంచిదో కాదో చెప్పేవాడు. తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఒకరోజు అందరూ మంచిదన్న చక్రాన్ని ఆయన పక్కన పెట్టించాడు, లోపల పగులు తేలింది. ఆ పేరా చివర ఫిట్టర్ గారు ఇలా రాశారు: "మా చెవులు ఆ చక్రాన్ని పాస్ చేసినై. ఉస్తాద్ పళ్ళు చెయ్యలే."

నేను ఆదివారం పొద్దున తలుపులు వేసుకుని, ఫ్యాను ఆపి, ఒక్క మాట కలపకుండా, ఒక్క మాట వదలకుండా చదివి పంపాను.

సాయంత్రం ఆయన రాశారు: "పుస్తకం ఆపేస్తున్న. అందరికి శనార్థులు." ఆ తరువాత అధ్యాయం తీసేశారు.

పది నిమిషాల్లో టీచరమ్మ ఫోన్ చేశారు.

"ఏమ్మా, నువ్వు నవ్వావు."

"నేనా? నేను చదివానండీ. ఉన్నదున్నట్టు చదివాను."

"చదివావు. మధ్యలో నవ్వావు."

"లేదండీ. నేను నవ్వితే నాకు తెలియదా?"

"ఆ మాట నీ దగ్గరికి నీళ్ళ సీసా తెచ్చినవాడు చెబితే నమ్ముతావా? 'కలుషితమైతే నాకు తెలియదా మేడమ్' అని?"

ఫోన్ పెట్టేసి రికార్డింగ్ తెరిచాను. ఒకసారి విన్నాను, ఏమీ వినిపించలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రెండోసారి విన్నాను. నాలుగో నిమిషంలో, "ఉస్తాద్ పళ్ళు" అన్న మాటకూ "చెయ్యలే" అన్న మాటకూ నడుమ, ముక్కులోంచి ఒక చిన్న గాలి. పదం కాదు. తుమ్ము కాదు. మా ప్రయోగశాలలో ఎవరైనా 'మా బోరు నీళ్ళు తాగితే కీళ్ళనొప్పులు పోతాయండీ' అన్నప్పుడు నా ముక్కులోంచి వచ్చేది అదే. మూడోసారి విన్నాను. సందేహం లేదు. నేను ఒక్క మాట కూడా కలపలేదు. నవ్వు కలిపాను.

మరుసటి రోజు టీచరమ్మకు నా ఇబ్బంది చెప్పాను. క్షమించమని అడగడం నాకు కష్టం కాదు. కాని చెవుడున్న మనిషి చక్రం మోత పోల్చుకున్నాడంటే నాకు ఇంకా నమ్మకం కుదరలేదు. నమ్మకుండా క్షమాపణ చెబితే అది రెండో అబద్ధమవుతుంది.

"అబ్బ! క్షమాపణకు కూడా ల్యాబ్ రిపోర్టు కావాలా నీకు?" అన్నారావిడ. మళ్ళీ ఆవిడే, "సరే, అదీ మంచిదేలే. ఫిట్టర్ అన్నయ్యగారికి కూడా జాలి అక్కర్లేదు. వెళ్ళి చూసి రా. నెలాఖరు మాత్రం నీ పరీక్ష కోసం ఆగదు" అన్నారు.

శనివారం లాలాగూడ వెళ్ళాను. అప్పటికి ఆరు రోజులే మిగిలాయి. ఆయన ఇంటి ముందు కుర్చీలో కూర్చుని ఉన్నారు. ముఖం ఎప్పుడూ చూడలేదు. "ఎవలు?" అన్న ఒక్క మాటతో పోల్చుకున్నాను. నా గొంతు విని ఆయనా పోల్చుకున్నారు.

"రాండ్రి మేడమ్. పరీక్షకొచ్చిన్రా?"

"అవునండీ. పరీక్ష నాకే. నవ్వినట్టు నాకు తెలియలేదు. రికార్డింగ్ మూడుసార్లు విన్నాను. నవ్వాను."

ఆయన పక్క కుర్చీ నా వైపు జరిపారు. "ఉస్తాద్‌ను చూసి గట్లనే నవ్వేటోళ్ళు మేడమ్. నోరు తెరిసి నవ్వితె లడాయి పెట్టుకోవచ్చు. ముక్కుల నవ్వేటోనితోని ఏం లడాయి? నా నౌకరంత ఆ నవ్వు ఇన్న. పుస్తకంల సుత అదే ఇనాల్నా అనిపిచ్చింది. గంతే."

లోపలినుంచి ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చింది. "తాగుండ్రి. వీటిని సుత పరీక్ష చేస్తరా?" అని నా వైపు చూసింది. నేను గ్లాసు పూర్తిగా తాగాను.

ఆయన అల్మారాలోంచి ఒక కర్ర తీశారు. ఉస్తాద్‌దేనట. ఒక కొసన పళ్ళ గాట్లున్నాయి. ఎవరో కొరికారని మాత్రమే అది రుజువు చేస్తుంది. ఎవరు కొరికారో చెప్పదు. ఈసారి ఆ సంగతి పైకి అనలేదు. ఉస్తాద్ చేసినట్టే చేసి చూడవచ్చా అని అడిగాను.

"చక్రం ఏడ తెస్తం మేడమ్, గీ ఇంట్ల?"

"చక్రం ఎందుకు?" అన్నది ఆయన భార్య. "పగిలిన పెనం లేదా? ఎన్నేండ్ల సంది పారేయమంటె పారేసినవా?" వేడి మీద నీళ్ళు పోస్తే బీటవారిన ఇనుప పెనం అది. దాని బదులు అదే దుకాణంలో అదే కొలతతో కొన్నది పొయ్యి మీద ఉంది. ఒకటి మంచిది, ఒకటి పగిలింది, రెండూ ఒకే పరిమాణం. నేను అడిగి తెప్పించుకున్నా అంత సరైన జోడీ దొరికేది కాదు.

రెండింటినీ తీగలతో దండేనికి వేలాడదీశారు. ఉస్తాద్ కర్రను నోట పెట్టుకోవడానికి మనసొప్పక అప్పడాల కర్ర అడిగాను. చెవుల్లో దూది కుక్కి, పైన తువ్వాలు చుట్టి, కళ్ళకు కూడా గంత కట్టుకున్నాను. ఏ పెనం కొట్టాలో ఆయనకు నచ్చినట్టు కొడితే నేను వరుస ఊహించే ప్రమాదముంది. అందుచేత ఆయన భార్య ఒక వైపు అరగదీసిన చింతగింజ వేసి, తెల్లగా పడితే మంచి పెనానికి, నల్లగా పడితే పగిలినదానికి కర్ర ఆనించేటట్టు ఒప్పందం చేసుకున్నాం. ఆమె గవ్వలాటలో ఆరితేరిన మనిషి. గింజను బొంగరంలా తిప్పి వేసిందట.

ముందు కర్ర ఆనించకుండా పదిసార్లు కొట్టించుకున్నాను, నా చెవులు నిజంగా మూసుకున్నాయో లేదో తెలియాలి కదా. తెలియక ఊహించి చెప్పాను. సగం తప్పాయి. ఊహ అంతవరకే వస్తుంది.

తరువాత కర్ర కొస పళ్ళ మధ్య పెట్టుకున్నాను. మొదటి దెబ్బకే పుర్రె నిండా గంట మోగింది. అది బయటి నుంచి రాలేదు. పై పళ్ళలో మొదలై కణతల దాకా పాకి, అక్కడే చాలాసేపు నిలిచింది. రెండో దెబ్బ వెంటనే చచ్చిపోయింది, తడిబట్ట మీద కొట్టినట్టు. ఎముక శబ్దాన్ని మోస్తుందని కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్న మనిషిని నేను. ఆ సంగతి ఆదివారం పొద్దున తలుపులు వేసుకుని చదువుతున్నప్పుడు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

ఇరవైసార్లు చేశాం. రెండుసార్లే తప్పాను. ఆ రెండూ కర్ర జారినప్పటివి.

గంత విప్పేసరికి ఆయన సుత్తి ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నారు. "ఇప్పుడు నమ్మిన్రా?"

"సాధ్యమేనని నమ్మాను. జరిగిందని మీరు చెబుతున్నారు. కాదనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. నవ్వడానికి అసలే లేదు. క్షమించండి."

ఆయన భార్య వైపు తిరిగి, "చూసినవా, గిప్పుడు సుత పూరా ఒప్పుకోలే" అన్నారు. ఆ మాట మధ్యలోనే ఆయనకు నవ్వు వచ్చింది.

"పూరా ఒప్పుకునేటామె అయితె ఇంటికొచ్చి పెనాలు కొట్టిపిచ్చుకుంటదా?" అన్నదామె. "జెర పిండి ఉన్నది, ఉండమ్మా, దోసె పోస్త. ఏ పెనం మీద పోయాల్నో చెప్పు మరి, సైంటిస్టువు కదా."

వచ్చేటప్పుడు గేటు దగ్గర ఆయన అన్నారు: "అధ్యాయం రాత్రికి మల్ల పెడ్త. చీటీ వెయ్యొద్దని టీచరమ్మకు చెప్పు. నువ్వే సదువు, చెల్లె."

ఆచారం ప్రకారం ఒక రచనకు గొంతు ఇచ్చేది ఒక్కసారే. టీచరమ్మ బృందాన్ని అడిగారు. ఎవరూ కాదనలేదు. ఆదివారం పొద్దున మళ్ళీ తలుపులు వేసుకుని, ఫ్యాను ఆపాను. పంపే ముందు రెండుసార్లు విన్నాను. ఎక్కడా నవ్వు లేదు. కాని అదే వాక్యం దగ్గర నా గొంతు రెండు క్షణాలు ఆగింది. తీసేసి మళ్ళీ చదవవచ్చు. చదవలేదు. తడబాటును దిద్దకూడదన్నది మా నియమం.

ఆయన జవాబు ఒక్క వరుస: "గాడ ఆగినవు. నాకు రాసేటప్పుడు సుత గాడనే పెన్ను ఆగింది." అధ్యాయంలో ఒక్క అక్షరం మార్చకుండా, గడువుకు నాలుగు రోజుల ముందే ప్రచురణకర్తకు పంపారు. టీచరమ్మ పలకబలపం బొమ్మ పెట్టి, కింద "పాస్" అని రాశారు. ఎవరు పాసయ్యారో చెప్పలేదు.

పుస్తకం వచ్చింది. పద్మారావు నగర్‌లో ఒక గ్రంథాలయం మేడ మీది గదిలో ఆవిష్కరణ. పద్నాలుగు మందిమీ మొదటిసారి ఒకచోట కలిశాం. ముఖాలు చూసి చాలామందిమి ఒకరినొకరం గుర్తుపట్టలేదు. మెట్ల దగ్గర ఎవరో "చెప్పులు ఇక్కడ విప్పాలాండీ?" అనగానే, అయిదుగురు ఒకేసారి ఆ మనిషి పేరు అరిచారు. నేను "కుర్చీలు చాలవేమో, లెక్కపెట్టారా?" అన్నాను. గది గదంతా "ఆధారం మేడమ్!" అన్నది. నా జీవితంలో నన్ను చూసి ఇంతమంది ఒకేసారి సంతోషించిన సందర్భం మరొకటి గుర్తు లేదు. జ్ఞాపకం మీద నాకున్న అపనమ్మకాన్ని పక్కన పెట్టి చెబుతున్నాను, ఇది మొదటిదే.

ఎవరు ఏ అధ్యాయానికి గొంతు ఇచ్చారో వారే అందులోంచి ఒక పేజీ చదివారు. నా వంతు చివరిది. వెనక వరసల్లో ఆయనతో పనిచేసిన వర్క్‌షాప్ పెద్దలు కూర్చున్నారు. "ఉస్తాద్ పళ్ళు చెయ్యలే" అన్న చోటికి రాగానే నేను ఆగకముందే గది ఆగింది. ఆ తరువాత లేచిన చప్పట్లు నాకోసం కాదని తెలుసు. ఎవరో వెనకనుంచి, "ఏం ఉస్తాద్ ఉండె భై!" అన్నారు. ఫిట్టర్ గారు కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

ఆయన భార్య సంచిలోంచి పెనాలు రెండూ తీసింది. కిటికీ కమ్మీకి వేలాడదీశారు. ఆవిష్కరణ అయ్యాక అక్కడ వరుస కట్టారు. పెద్దవాళ్ళందరూ చెవుల్లో దూది పెట్టుకుని, తలొక కొత్త స్కేలు కొరుకుతూ, "మంచిది! పగిల్నది! మంచిది!" అని కేకలు. ఒకాయన పెట్టుడు పళ్ళు తీయాలా ఉంచాలా అని నన్ను అడిగారు. రెండు విధాలా ప్రయత్నించమన్నాను. టీచరమ్మ నా పక్కకు వచ్చి, "ఇంతమందిని ఒకేసారి పరీక్షించావు, రిపోర్టు ఎప్పుడిస్తావమ్మా?" అన్నారు.

రిపోర్టులో ఒక గడి ఖాళీగా ఉంది. నా చెవుల్లో ఉన్నది దూది. దూది బయటి దారిని మూస్తుంది, లోపలి చెవిని ముట్టదు. పళ్ళ నుంచి వచ్చిన మోతను నేను నిజానికి విన్నాను. ఉస్తాద్‌కు జ్వరం పాడుచేసింది బయటి దారినే అయితే, ఆయన కూడా నాలాగే విన్నాడు. లోపలి చెవే పోయి ఉంటే, వినడానికి ఏమీ మిగలలేదు. అప్పుడు ఆ చక్రాన్ని ఆయన చిగుళ్ళతోనో దవడతోనో, కేవలం స్పర్శతో పోల్చుకున్నాడనుకోవాలి. నేను ఆ సాయంత్రమే ఫిట్టర్ గారిని అడిగాను, ఉస్తాద్ చెవులను ఎవరైనా డాక్టరు పరీక్షించారా అని. తనకు తెలిసి లేదన్నారు. ఉస్తాద్ ఇప్పుడు లేడు. నా లోపలి చెవిని మూసుకుని చూడడానికి నాకు దారి లేదు. ఆయన విన్నాడా, తాకి తెలుసుకున్నాడా అన్నది అందుకే తేలలేదు.